బుధవారం, అన్నం తిన్నాక

మందుగోలీల పెట్టె మూత తీయగానే ఆ వాసన వచ్చింది. చాలా రోజులుగా ఎవరూ కొట్టని బోరింగును కొడితే మొదటి నీళ్లలో వచ్చే ఇనుము వాసన. పైన నీలం పూత ఎంత తియ్యగా పూసినా అది దాగదు. గంగారం మండలంలో, అడవిని ఆనుకొని ఉన్న ఒక బడి వరండాలో నిలబడి ఉన్నాను. కార్తీక సోమవారం. మధ్యాహ్న భోజనాలు అప్పుడే అయ్యాయి. బడిపిల్లల ఆరోగ్యం చూసే బృందంలో నేను నర్సును. నెలలో ఎక్కువ రోజులు ఇలాంటి వరండాల్లోనే గడుస్తాయి. బరువు తూచడం, కళ్లూ పళ్లూ చూడటం, ఐరన్ గోలీలు మింగించడం మా పని.

బృందంలో కొత్తగా చేరిన శిరీష అప్పటికే ఆడపిల్లలను వరసగా నిలబెట్టింది. "అక్కా, అన్నాలయినయి. ఇచ్చేద్దామా?" అంది. "జర ఆగు," అని నేను పిల్లల వైపు తిరిగాను. "ఇయ్యాల ఒక్కపొద్దు ఎవలెవలు ఉన్నరు? పొద్దటిసంది ఏం తిననోళ్లు ఎవలు?" పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శిరీష నా మొహం చూసింది. మందులిచ్చేవాళ్లకు ఉపవాసాల సంగతి ఎందుకని ఆమె అనుమానం. ఆ ప్రశ్న నేను నర్సింగులో నేర్చుకున్నది కాదు. తొమ్మిదో తరగతిలో అనసూయ టీచర్ దగ్గర నేర్చుకున్నది. ఆమె కూడా దాన్ని ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. ఊరందరి ముందు మాట పడి నేర్చుకుంది.

మాది చిట్యాల దగ్గర ఒక పల్లె. మా ఊరి హైస్కూలుకు అనసూయ టీచర్ జనగామ నుంచి బదిలీ మీద వచ్చింది. మనిషిని చూస్తే పిడికెడు, గొంతు వింటే పుట్టెడు. జీవశాస్త్రం చెప్పేది. పుస్తకంలోని వాక్యం ఒకసారి గంభీరంగా చదివి, వెంటనే దాన్ని మా మాటలోకి దించేది. "రక్తం ప్రాణవాయువును మోసుకుపోతుందట. అంటే ఏంది? మా జనగామ మార్కెట్ల హమాలీ లెక్క. హమాలీలు తక్కువైతే బస్తాలు ఏడియాడనే ఉంటయ్. అప్పుడు మీరు మెట్టెక్కితే ఆయాసం, బోర్డు చూస్తే నిద్ర. నా పాఠానికి నిద్రొస్తుందని మీరనుకుంటున్నరు గని, తప్పు నాది కాదు, మీ హమాలీలది." పాఠాలు చాలా మరిచిపోయాను గాని ఆ హమాలీలు మాత్రం ఇప్పటికీ నా తలలో బస్తాలు మోస్తూనే ఉన్నారు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. పొద్దున ప్రార్థన అయ్యాక తరగతి గుమ్మంలో నిలబడేది. లోపలికి పోయే ప్రతి పిల్ల గడ్డం పట్టుకొని, "పైకి చూడు" అని, బొటనవేలితో కింది కనురెప్పను మెల్లగా కిందికి లాగి చూసేది. "లోపల ఎర్రజామ లెక్క ఉండాలె. నీది తెల్లజామ అయింది" అనేది. మొహానికి పౌడరు దట్టంగా పూసుకొచ్చే రజితను పట్టుకొని, "సున్నమేసిన గోడకు మళ్ల పౌడరెందుకే? ముందు తోటకూర తిను" అని అందరూ వినేలా అంది. రజిత ఆ రోజంతా ఏడ్చింది. మరునాడు పౌడరు లేకుండా వచ్చింది, తోటకూర మాత్రం తినలేదు. టీచర్ నోటికి అడ్డూ అదుపూ లేదని మేమంతా అనుకునేవాళ్లం. ఇప్పుడూ అదే అనుకుంటాను. కానీ వేలు మాత్రం ఎంతో మెత్తగా ఉండేది. కన్ను దగ్గరకు వస్తున్నా భయమేసేది కాదు.

నా రెప్ప లాగి చూసిన రోజున ఆమె వేళాకోళం ఆడలేదు. రెండో కన్ను కూడా చూసింది. గోళ్లు చూసింది. తరవాత నన్ను పక్కకు తీసుకుపోయి, "బియ్యం బుక్కుతున్నవా?" అని అడిగింది. ఇంట్లో బియ్యం బస్తా దగ్గర కూర్చొని పచ్చిబియ్యం బుక్కడం, బడిలో బలపం ముక్కలు నమలడం ఎవరికీ తెలియదనే ధైర్యంతో ఉన్నాను. "ఎవలు జెప్పిన్రు టీచర్?" అన్నాను. "నీ కన్నే చెప్పింది. అది దొంగబుద్ధి కాదు, నెత్తురు లేక పుట్టే యావ. సిగ్గుపడకు." అంతవరకూ నేను దాన్ని నా చెడ్డ గుణమనే అనుకున్నాను. నా ఒంటిలో జరిగేదానికి నా గుణంతో సంబంధం లేదని చెప్పిన మొదటి మనిషి ఆమె.

అప్పటికి నా పరిస్థితి బాగాలేదు. బడికి పోయే దారిలో కల్వర్టు ఉండేది. దాని మీద కాసేపు కూలబడితే తప్ప బడికి చేరేదాన్ని కాదు. వెనకాల బయల్దేరిన పిల్లలు నన్ను దాటిపోతుంటే చెప్పులో రాయి పడ్డట్టు నటించేదాన్ని. రెండుసార్లు తరగతిలోనే కళ్లు తిరిగి పడిపోయాను. మా నాయనమ్మను మేము అవ్వ అనేవాళ్లం. ఇంట్లో అవ్వదే పెత్తనం. "ఎదిగే ఈడుల ఆడిపోరికి ఆయాసం ఉండదా? నాకు లేకుండెనా?" అనేది. నాన్నను బాపు అనేవాళ్లం. బాపు మాత్రం భయపడ్డాడు. "తొవ్వల ఏడనన్న పడితే ఏం గాను? ఈ యేడు బడి వద్దు. మంచిగయినంక సూద్దాం," అన్నాడు. మా వాడలో 'ఈ యేడు' మానేసిన ఆడపిల్ల మళ్లీ ఏ యేడూ బడిమొహం చూడలేదు. ఆ సంగతి నాకూ తెలుసు, బాపుకూ తెలుసు. సంక్రాంతి దాకా చూద్దామని అమ్మ బతిమిలాడితే ఆగాడు.

అప్పుడే రెండు పనులు ఒకేసారి జరిగాయి. అవ్వ కాళేశ్వరం దేవునికి మొక్కింది. కార్తీకంలో ప్రతి సోమవారం మనవరాలు ఒక్కపొద్దు ఉంటుందని, నీరసం పోతే గోదావరిలో స్నానం చేయించి అభిషేకం చేయిస్తానని. అంటే పొద్దంతా ఏమీ తినకుండా ఉండి, సాయంత్రం చుక్క కనబడ్డాకే నేను ఎంగిలిపడాలి. అటు బడికి వారం వారం ఇచ్చే ఐరన్ గోలీలు వచ్చాయి. అనసూయ టీచర్ సోమవారం ఎంచుకుంది. వారం మొదలు కాబట్టి ఎవరూ మరిచిపోరని ఆమె లెక్క. నా నీరసం పోవాలని ఒక్కపొద్దు, నా నీరసం పోవాలనే గోలీ. రెండూ ఒకే రోజు, ఒకే కడుపులో ఎదురుపడ్డాయి.

ఆ సోమవారం మధ్యాహ్నం భోజనాల వరసలో సగంమంది ఆడపిల్లలు లేరు. ఒక్కపొద్దు వాళ్లమంతా తరగతిలోనే కూర్చొని కబుర్లు చెప్పుకుంటున్నాం. గంట కొట్టాక అందరినీ వరసగా నిలబెట్టారు. టీచర్ ముందు బల్ల మీద గోలీలు, పక్కన స్టీలు బిందెతో నీళ్లు. రజిత చేయెత్తింది. "టీచర్, గోలీ మింగితే ఒక్కపొద్దు చెడ్తదా?" అని అడిగింది. మా అందరి మనసులో ఉన్న ప్రశ్న అదే. టీచర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మందు తిండెట్లయితదే? మందుకు ఒక్కపొద్దు చెడదు. నాది గూడ ఇయ్యాల ఒక్కపొద్దే. ఇగో, మీకన్న ముందు నేనే మింగుతున్న, చూడుండ్రి," అని గోలీ నోట్లో వేసుకొని గ్లాసెడు నీళ్లు తాగింది. ఆమెనే చూస్తూ మేమూ మింగేశాం. దేవుడి లెక్క ఆమె సరిగ్గానే చెప్పింది. కడుపు లెక్క మరిచిపోయింది.

చివరి గంటలో మొదట రజితకు కడుపులో తిప్పింది. ఆమె వాంతి చేసుకోగానే పక్కపిల్ల, తరవాత నేను. కాసేపట్లో వరండా అంతా పిల్లలే. కడుపునిండా తిన్నవాళ్లు కూడా మమ్మల్ని చూసి భయంతో పొట్టలు పట్టుకున్నారు. అనసూయ టీచర్ ఉరికొచ్చి ఒక్కొక్కరి నుదురూ పట్టుకుంటూ, నీళ్లు తాగిస్తూ, "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అంటూ నల్లా దగ్గరకు వచ్చేసరికి తనే గోడ పట్టుకొని వంగిపోయింది. తన వాంతి అయిపోగానే మూతి తుడుచుకొని మళ్లీ నా నుదురు పట్టుకుంది. ఆ అరచేయి మంచులా చల్లగా ఉండటం నాకు ఇప్పటికీ గుర్తు. ఆటోల్లో, ట్రాక్టరు మీద మమ్మల్ని చిట్యాల దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు చూసి, ఉత్తకడుపు మీద మింగడం వల్లే ఇలా అయిందని, ప్రమాదం లేదని చెప్పి ఉప్పూ చక్కెర కలిపిన నీళ్లు తాగించాడు. చీకటిపడేలోగా అందరం నవ్వుకుంటూనే ఇళ్లకు వచ్చాం. కానీ వార్త మాకన్నా ముందే ఊరు చేరింది. బడిలో పిల్లలకు విషపు గోలీలు పెట్టారని.

మరునాడు పొద్దున బడి గేటు దగ్గర ఊరు ఊరంతా ఉంది. ఆ రోజు లోపల ఏం జరిగిందో చాలా ఏళ్ల తరవాత టీచరే చెప్పింది. పెద్దసారు మంచివాడే గాని గొడవలంటే భయం. "గోలీలే ఖరాబున్నయని చెప్పి వాపస్ పంపుదాం మేడం. మీకు మాట రాదు, బడికి మాట రాదు," అన్నాడట. గోలీలు మాట్లాడలేవు కదా. నింద వాటి మీద వేస్తే అందరూ క్షేమం. "అట్లంటే ఇగ ఈ ఊళ్లె ఏ పిల్ల ఆ గోలీ ముట్టదు సార్," అని ఆమె గేటు దగ్గరకు నడిచింది.

బాపు పక్కన నేను నిలబడి ఉన్నాను. ఆమె గొంతు ఎప్పటిలా పుట్టెడు లేదు. అయినా అందరికీ వినబడింది. "గోలీలది తప్పు లేదు. తప్పు నాది. ఒక్కపొద్దున్న పిల్లలకు ఉత్తకడుపు మీద ఇచ్చిన. తిన్నరా అని అడగాలె, అడగలే." పెద్దవాళ్లు, అందులోనూ పంతుళ్లు, తప్పు ఒప్పుకోవడం మావాళ్లకు అలవాటు లేదు. దేన్ని పట్టుకొని తిట్టాలో కాసేపు తోచలేదు. తరవాత తోచింది. "నీ బిడ్డకైతే ఇస్తువా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "నేనే మింగిన గదన్నా. నా ఒక్కపొద్దు గూడ నల్లా కాడనే పోయింది," అంది. ఒకరిద్దరు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. మాటలు చాలానే అన్నారు, ఆమె ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. గోలీలు ఆగిపోయాయి. బాపు నా చేయి పట్టుకొని, "నడువు. ఇగ బడి బంద్," అన్నాడు. ఇంటికి వస్తుంటే కల్వర్టు మీద కూర్చున్నాను. బాపు తొందరపెట్టలేదు, తలపాగా విప్పి విసురుతూ నిలబడ్డాడు.

ఆదివారం మధ్యాహ్నం టీచర్ మా ఇంటికి వచ్చింది. పత్తి ఏరే రోజులు. ముందరి గది నిండా పత్తి కుప్ప. కూర్చోవడానికి చోటు లేక ఆమె ఆ కుప్ప అంచునే కూర్చుంది, సగం అందులో మునిగిపోయింది. బాపు గడప మీద నిలబడి మొహం పక్కకు పెట్టుకున్నాడు. అమ్మ నీళ్లిచ్చింది. నేను తలుపు వెనక నిలబడి, ఈమె ఏం చెప్పినా బాపు వినడు, నా చదువు ఇక్కడితో సరి అనుకుంటున్నాను. అప్పుడు అవ్వ అడిగింది, "ఆనాడు నువ్వు తిన్నవా టీచరమ్మా?"

ఆ ప్రశ్న బడిలో ఎవరూ అడగలేదు. పెద్దసారు అడగలేదు, గేటు దగ్గర ఊరు అడగలేదు, మేమూ అడగలేదు. టీచర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరికీ జంకని మనిషి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నాకు చూడబుద్ధి కాలేదు. "లేదవ్వా. నాది గూడ ఒక్కపొద్దే," అంది. అవ్వ నోరు ఊరుకోదు కదా. "గొడ్డుకు మందు పోయాల్నన్న కడుపు సూసి పోస్తం. సదువుకున్నదానివి, గంత సోయి లేకపాయెనా?" అంది. "లేకపాయె అవ్వా," అని టీచర్ వెంటనే ఒప్పుకుంది. ఎదురు చెప్పేవాళ్లను తిట్టడంలో అవ్వకు సరదా ఉండేది. ఇట్లా ఒప్పుకునేవాళ్లను ఏం చేయాలో తెలియక, "సరే, అన్నం తిను ముందు" అని పళ్లెం పెట్టించింది.

తింటూనే టీచర్ బాపుతో మాట్లాడింది. నా ఒంట్లో రక్తం చాలా తక్కువ ఉందని, ఇంట్లో కూర్చోబెడితే అది పెరగదని, ముందు భూపాలపల్లి దవాఖానకు తీసుకుపోయి పరీక్ష చేయించాలని చెప్పింది. బాపు చివరికి నోరు విప్పాడు. "మళ్ల గిట్ల గాదని ఎవలు జిమ్మ?" "నేను జిమ్మ, పూచీ నాది అంటే నువ్వు నమ్మవన్నా. నమ్మొద్దు గూడ. మీ ఇంట్ల నుంచే ఎవలన్న వచ్చి కూసోండ్రి. పిల్లలు తిన్నరా లేదా మీరే చూడుండ్రి. మీరు సరేనంటేనే ఇస్త," అంది టీచర్. బాపు ఏదో అనబోయేలోపే అవ్వ, "నేనొస్త," అంది. పత్తి ఏరడం తప్పించుకోవడానికే ఒప్పుకుందని అమ్మ తరవాత చాలాసార్లు ఎత్తిపొడిచింది.

ఇక వారం ఏది అన్నది పంచాయితీ అయింది. సోమవారం శివునిది. మంగళవారం ఆంజనేయుడిదని అమ్మ అంది. గురువారం సాయిబాబాకు ఉంటారు, శుక్రవారం లక్ష్మికి, శనివారం వెంకన్నకు. "బుధవారం?" అంది టీచర్. "బుధవారం వినాయకుడిది," అన్నాడు బాపు, పెడసరంగానే. టీచర్ నవ్వేసింది. "వినాయకుడు ఉపాసముండుమంటడా అన్నా? బొజ్జనిండ తిని రమ్మంటడు. బుధవారమే ఖాయం, అన్నం తిన్నంక." బాపు మీసాల కింద నవ్వు దాచుకోవడం నేను తలుపు సందులోంచి చూశాను. నా బడి నాకు తిరిగి వచ్చిందని అప్పుడే అర్థమైంది.

మొక్కు సంగతి మిగిలింది. "దేవునికి చెప్పిన మాట తప్పుతదా?" అని అవ్వ మొండికేసింది. "తప్పొద్దవ్వా. బిడ్డ పేరు మీద ఇంకెవలన్న ఉండుండ్రి. ఎదిగే పిల్ల కడుపు మాడాల్నని శివుడు అడిగిండా?" అంది టీచర్. "అయితే నేనే ఉంట," అంది అవ్వ. ఆ ఒప్పందం మూడు రోజులే నిలిచింది.

బుధవారం అవ్వ తెల్లచీర కట్టుకొని బడికి వచ్చింది. భోజనాల వరస చివర కుర్చీ వేయించుకొని, కూర వదిలేసిన ప్రతి పిల్లనూ పేరు పెట్టి, తాత పేరు కూడా పెట్టి తిట్టింది. గోలీ మింగాక "నోరు తెరువు, నాలుకెత్తు" అని చూసింది. అంతా అయ్యాక టీచర్ అలవాటుకొద్దీ అవ్వ గడ్డం పట్టుకొని రెప్ప లాగింది. లాగి అలాగే నిలబడిపోయింది. "అవ్వా, నీకు ఆయాసం వస్తదా?" "ఎవలకు రాదు?" అంది అవ్వ. "నా పెండ్లయిన కాన్నించి వస్తనే ఉన్నది. ఆడిదన్నంక రాదా?" అవ్వ అంతటితో ఊరుకోలేదు. "అందరియి సూస్తున్నవ్, ఏదీ, నీది సూపియ్యి," అని ముడతల వేలితో టీచర్ కనురెప్పను కిందికి లాగింది. ఎర్రజామా తెల్లజామా తెలియని అవ్వకు కూడా తెలిసిపోయింది. నా కన్ను, అవ్వ కన్ను, టీచర్ కన్ను, మూడూ ఒకే రంగు. టీచర్ కాసేపు నల్లా వైపు చూసి, "ఇన్నొద్దులు అందరి కండ్లు చూసిన గని," అని ఆపేసింది.

బాపును వెంటబెట్టుకొని ముగ్గురం కలిసే భూపాలపల్లి పోయాం. నాకు రోజూ మింగే గోలీలు రాశారు, నులిపురుగుల మందు ఇచ్చారు, అన్నం మీద చాయ తాగొద్దన్నారు, నిమ్మకాయ పిండుకొని ఆకుకూర తినమన్నారు. వాళ్లిద్దరికీ కూడా మందులు రాశారు. మందుకు దొడ్డికి నల్లగా వస్తుందని, భయపడొద్దని బస్సులో అందరూ వినేలా టీచర్ మాకు చెప్పింది. బాపు సీటులో ముడుచుకుపోయాడు. ఇంటికి రాగానే అవ్వ అసలు సమస్య ఎత్తింది. "నాకూ ఉపాసం వద్దన్నడు డాక్టరు. ఇగ శివునికెవలు?" అందరి చూపూ బాపు మీదికి పోయింది. "ఎద్దు లెక్కున్నవ్, నువ్వుండు," అంది అవ్వ. ఆ కార్తీకంలో మిగిలిన సోమవారాలన్నీ బాపే నా పేరు మీద ఒక్కపొద్దు ఉన్నాడు. పూట తప్పితే చిర్రుబుర్రులాడే మనిషి, చుక్క ఎప్పుడు పొడుస్తుందా అని వాకిట్లో మెడ నిక్కించి నిలబడేవాడు. మా వాడలో అది చూసి ఇంకో ఇద్దరు తండ్రులు కూడా బిడ్డల మొక్కులు తమ మీద వేసుకున్నారు. ఆడపిల్ల ఉపవాసం తండ్రి మోయడం మా ఊళ్లో అప్పుడే మొదలైంది.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు, బడి గేటు దాకా వచ్చి ఆగిపోయాను. రజితతో మాట్లాడుతూ నడుస్తున్నాను, కల్వర్టు ఎప్పుడు దాటానో తెలియలేదు. వెనక్కి తిరిగి చూశాను. అది అక్కడే, ఖాళీగా ఉంది. లోపలికి ఉరికి టీచర్‌కు చెప్పాను. ఆమె నా రెప్ప లాగి చూసి, "దోరజామ" అంది. అవ్వ ఆ మాట ఇంకోలా చెప్పింది. ఒకరోజు బావి గట్టు మీద నీళ్ల బిందె దించి, ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు నిలబడి, "ఆయాసం లేకుంట గూడ మనిషి బతుకుతదా బిడ్డా? పుట్టినప్పటిసంది గిదే బతుకనుకున్న," అంది. ఒక మనిషికి జీవితమంతా అలసటే ఒళ్లయిపోతే, అది జబ్బని చెప్పేవాళ్లు లేకపోతే ఎంత అన్యాయం. కాళేశ్వరంలో గోదావరి స్నానానికి అవ్వ టీచర్‌ను కూడా లాక్కుపోయింది. మొక్కు చెల్లింది. వైద్యం వల్లా మొక్కు వల్లా అని ఎవరైనా అడిగితే అవ్వ, "రెండింటినీ కొట్లాడియ్యకుండ్రి" అనేది.

పదో తరగతి అయ్యాక నర్సింగుకు పోతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. టీచర్ ఇప్పుడు రిటైరై జనగామలో ఉంటోంది. ఫోను చేస్తే పలకరింపు ఉండదు. "తిన్నవా? అబద్ధం చెప్పకు, గొంతుల తెలుస్తది," అంటుంది. ఆమె నుంచి నేను తెచ్చుకున్నవి ఏమిటని లెక్కవేస్తే కనురెప్ప లాగే వేలు ఒకటి, గేటు దగ్గర చెప్పిన మాట ఒకటి. ఈ ఉద్యోగంలో ఏదో ఒక రోజు ఏదో ఒకటి తప్పుతుంది. అప్పుడు మందు మీదో, పిల్లల మీదో, ఊరి మూఢనమ్మకం మీదో నెట్టేయాలని నోటిదాకా వస్తుంది. ఆ పిడికెడు మనిషి గేటు దగ్గర నిలబడటం గుర్తొస్తుంది. అడగాలె, అడగలే. ఆ రెండు మాటలు చెప్పినందుకే ఆ ఊళ్లో పిల్లలు ఇప్పటికీ బుధవారం గోలీ మింగుతున్నారు. నేను చదువుకున్నాను.

గంగారం బడి వరండాలో నా ప్రశ్నకు మొదట ఇద్దరు చేతులెత్తారు, తరవాత ఇంకొందరు. వాళ్లను పక్కన కూర్చోబెట్టి, రేపు తిన్నాక మింగండని చెప్పాను. చివరలో ఒక బక్కపిల్ల చేయి సగం ఎత్తి దించేసింది. దగ్గరకు పిలిచాను. "ఒక్కపొద్దా బిడ్డా?" "కాదక్కా. తినబుద్ధి గాలే." పైకి చూడమని గడ్డం పట్టుకొని రెప్ప లాగాను. తెల్లజామ. ఆమె అరచేతిలో బలపం పొడి అంటుకొని ఉంది, నేను చూడటం గమనించి పిడికిలి మూసుకుంది. "సిగ్గుపడకు," అన్నాను. మిగతా పిల్లలకు గోలీలు ఇవ్వమని శిరీషకు చెప్పి, అన్నం పెట్టించుకొచ్చి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను. నిమ్మకాయ పిండాను. మొదటి ముద్ద కష్టంగా మింగింది. రెండోది కొంచెం తేలికగా. సగం పళ్లెం అయ్యాక ఆగి నా వైపు చూసింది.

"మీరు తిన్నరా అక్కా?"

పొద్దున బయల్దేరేటప్పుడు చాయ తాగాను, అంతే. ఆ పిల్లకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "లేదు బిడ్డా," అన్నాను. గోలీలు ఇస్తున్న శిరీష పెట్టె మూసి, ఇంకో పళ్లెం తెచ్చింది.